సరేసు గిన్నె, గాలి సంచి

సరేసు వాసన ఎరగని వాళ్లకు దాని గురించి చెప్పడం కష్టం. గొడ్ల తోళ్లు, ఎముకలు, గిట్టలు ఉడకబెట్టి తీసిన జిగురు అది. గట్టి పలకలుగా బజారులో అమ్మేవారు. ముందు రోజు నీళ్లలో నానేసి, పొద్దున్నే పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి. కరగడం మొదలైందంటే వాకిలి, వంటిల్లు, దండెం మీద బట్టలు, కుండలో మంచినీళ్లు, అన్నీ అదే కంపు. మిర్యాలగూడలో మా ఇంట్లో పొద్దున్నే మొదట వెలిగేది అన్నం పొయ్యి కాదు, సరేసు పొయ్యి.

నాయన వడ్రంగి. నేనూ వడ్రంగినే. తేడా ఏమిటంటే నాయనకు ఆ వాసన తెలిసేదే కాదు, నాకు అది తప్ప ఇంకోటి తెలిసేది కాదు. సినిమా హాల్లో పక్కవాడు లేచి వేరే కుర్చీలోకి మారితే నా ఒంటి కంపుకే మారాడనుకునేవాణ్ణి. వాడు ఫ్యాను కోసం మారి ఉండొచ్చు. అసలు నాకు చిన్నప్పటి నుంచీ అసహ్యం ఎక్కువ. ఎదుటివాడు చప్పరిస్తూ తింటే నాకు ముద్ద దిగదు. బస్సులో ఎవరైనా ముక్కు చీదితే దిగి నడిచి పోదామనిపిస్తుంది. ఇదంతా శుభ్రత అని, నేను నలుగురికంటే ఒక మెట్టు పైవాణ్ణని చాలా ఏళ్లు అనుకున్నాను.

అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నాయన, నేను, కోదాడ నుంచి పెళ్లి చేసుకొచ్చిన నా భార్య. డెబ్బై ఒకటో, డెబ్బై రెండో, ఆ ప్రాంతంలో ఆమె నెల తప్పింది. మూడో నెలలో ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. ఒకరోజు వాళ్ల అన్న చూడటానికి వస్తే, బట్టలు సంచిలో కుక్కుకుని ఆయన వెంట బయలుదేరింది. "ఈ ఇంట్లో నేనుండలేను" అంది, అంతే. పక్కనే పొయ్యి మీద సరేసు బుడగలు వేస్తూ ఉడుకుతోంది. ఇక కారణం అడగడానికేముంది?

రెండుసార్లు కోదాడ పోయాను. అత్తగారు టీ ఇచ్చి, ఊరి సంగతులు మాట్లాడి పంపించింది. నా భార్య గదిలోంచి బయటికి రాలేదు. రెండోసారి తిరిగొచ్చిన నాడు నాయనతో తేల్చి చెప్పాను, ఆ గిన్నె ఇంట్లోంచి పోవాలని.

"గిన్నె వోతె వీనీరు దేంతోని అంటిస్తవ్?" అన్నాడు నాయన, తల ఎత్తకుండా. "ఉమ్ముతోనా?"

వీనీరంటే మంచి కర్రను అట్టకంటే పలచగా పొరలు పొరలుగా కోసింది. మామూలు చెక్క మీద ఆ పొర అతికిస్తే తలుపంతా నల్ల ఇరుగుడు కర్రతో చేసినట్టే కనిపిస్తుంది. సాగర్ కాలువ నీళ్లొచ్చాక మా ఊరికి వడ్లు, వడ్ల వెంట మిల్లులు, మిల్లుల వెంట మేడలు వచ్చాయి. మేడ కట్టిన ప్రతివాడికీ హైదరాబాదులో చూసొచ్చిన తలుపులే కావాలి. నాయన వేడి సరేసు పూసి, వీనీరు పరిచి, పైన వెచ్చటి ఇస్త్రీపెట్టె తిప్పుతూ గుండ్రటి కర్రతో గట్టిగా రుద్దేవాడు. సరేసు చల్లారుతూనే పట్టేస్తుంది, కాబట్టి బరువులు పెట్టే పని లేదు. డబ్బాలో వచ్చే తెల్ల జిగురు అలా కాదు. వాసన ఉండదు కానీ గంటల తరబడి ప్రతి అంగుళాన్నీ ఒకే బిగువున అదిమి ఉంచాలి. మా దగ్గర అలాంటి ప్రెస్సు లేదు, కొనే స్తోమతా లేదు.

ఆ రోజుల్లోనే నిడమనూరు వైపు వడ్లన్నీ కొనే ఒక మిల్లు షావుకారు తన కొత్త ఇంట్లో దేవుని అర్రకు, అంటే పూజగదికి, రెండు రెక్కల తలుపులు చెయ్యమన్నాడు. ఒకే దుంగ నుంచి వరసగా కోసిన నాలుగు వీనీరు పొరలు తెప్పించాడు. నాలుగు పలకలకు నాలుగే, ఐదోది లేదు. పక్కపక్కన పెడితే కర్రలోని చారలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నీళ్లలా సాగిపోయేవి. అంత అందమైన చెక్క అప్పటిదాకా నా చేతికి రాలేదు.

మిల్లు వెనక రేకుల షెడ్డులో పని మొదలుపెట్టాం. మొదటి రోజే షావుకారు తల్లి చూడటానికి వచ్చింది. వచ్చీ రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇదేం కంపు, గొడ్డు సచ్చినట్టు?"

నాయన దాచే మనిషి కాదు. "గొడ్డుదే అమ్మా. తోలు ఉడకబెట్టిన జిగురు. గిది లేకుంటె చెక్క అంటుకోదు."

"శివశివా! దేవుని అర్ర తలుపులకు గొడ్డు తోలు పూస్తవా? ఏకాదశి నాడు మేం ఉల్లిగడ్డ గూడ ముట్టం. అవుతల పారెయ్ దాన్ని!"

ఆమె నిలబడింది మిల్లు మురికినీళ్ల మోరీ పక్కన. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానేసిన నీళ్లు ఆ మోరీలో నిలిచి, పులిసి, నురగ కట్టి, ఊరు ఊరంతా ముక్కు మూసుకునేలా చేసేవి. అది వాళ్ల సొంత కంపు కాబట్టి ఆమెకు తగల్లేదు. నాయన సామాను సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం గుళ్లో గంట మోగినట్టయింది. ముందుకొచ్చి, సరేసు లేకుండా నేను చేస్తానని ఆమెకు మాటిచ్చాను.

దారిలో నాయన ఒక్క మాటే అన్నాడు. "నాలుగు పలకల్ల ఒక్క బుడగ గూడ లేకుంట అంటియ్యి. గిన్నె నేనే పారేస్త. బుడగ లేసిందో, ఇగ నా ముంగట గిన్నె మాటెత్తకు."

సూర్యాపేటలో హైవే పక్కన లారీల షెడ్డు నడిపే ఒక మెకానిక్ నాకు తెలుసు. సాగర్ డ్యాము కడుతున్నప్పుడు ఇద్దరం అక్కడి వర్క్‌షాపులో పనిచేశాం. విమానం రెక్కలకు చెక్క అతికించేటప్పుడు రబ్బరు సంచిలో పెట్టి గాలి పీకేస్తారని అక్కడి ఇంజనీరు చెబితే విన్నానని అప్పట్లో అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆ మనిషినే వెతుక్కుంటూ పోయాను.

"గాలికి బరువుంటదే" అన్నాడు, గ్రీజు చేత్తోనే మిర్చి బజ్జీ నోట్లో పెట్టుకుంటూ. నేను చూపు పక్కకు తిప్పుకున్నాను. "మనకు తెల్వదు గని, మీద మోస్తనే ఉన్నం. సంచిల గాలి తీసేసినవనుకో, బయటి గాలంత దాని మీద కూసుంటది. తలుపంత చెక్క మీద లోడు లారీ ఎక్కినట్టే. అంచు, నడుమ అని సూడదు, అంతట ఒక్కతీరుగ నొక్కుతది."

కొన్ని లారీలకు బ్రేకుల కోసం గాలి పీల్చే పంపు ఒకటుండేది. తుక్కు కింద తీసేసిన లారీ నుంచి అలాంటి పంపును, దాంతోపాటు గాలి వెనక్కి పోకుండా ఆపే వాల్వును, ముల్లు తిరిగే మీటరును ఊడదీసి ఇచ్చాడు. పంపు మీద పదేళ్ల నూనె జిడ్డు, దాంట్లో కూరుకుపోయి చచ్చిన పురుగులు. గోనె సంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. ఆ పంచె మళ్లీ కట్టలేదు.

పంపు దొరికింది, సంచి కావాలి. మందపాటి రబ్బరు అంత పెద్ద ముక్క మా ఊళ్లో ఎక్కడుంది? కోదాడలో ఒక ప్రైవేటు దవాఖాన కాంపౌండరు పాత రబ్బరు షీట్లు అమ్ముతాడని తెలిసింది. కాన్పు మంచాల మీద పరుపు తడవకుండా వేసే ఎర్ర రబ్బరు షీట్లు. కాంపౌండరు వాటిని మడత విప్పి చూపిస్తుంటే ఫినాయిలు కింద ఇంకేదో వాసన కొట్టింది. అంచుల్లో నల్లటి మరకలు. అవేమిటని నేను అడగలేదు. ఊపిరి బిగబట్టి డబ్బులిచ్చి, అత్తగారి ఇంటి వైపు కూడా పోకుండా మొదటి బస్సెక్కాను. ఇంట్లో సోడాతో మూడుసార్లు ఉతికాను, ఉతికిన ప్రతిసారీ నేనూ స్నానం చేశాను. గొడ్డు తోలు మైల అన్న ఆ ముసలమ్మకు ఆ రబ్బరు ఎక్కడిదో చెప్పలేదు. ఆమె అడగలేదు కాబట్టి అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మోసమేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.

పంక్చరు దుకాణంలో రెండు షీట్లను మూడు వైపులా కాల్చి అతికించారు. నాలుగో వైపు సంచి మూతి. పలక లోపల పెట్టాక మూతిని రెండుసార్లు మడిచి, సైకిలు ట్యూబు ముక్క వేసి, పైనా కిందా టేకు పట్టీలతో బోల్టులు బిగించాలి. సంచి లోపల అడుగున గళ్లు గళ్లుగా గాడి కోసిన పీట. గాడులుంటే గాలి అన్ని మూలల నుంచీ గొట్టం దాకా దారి చేసుకుని వస్తుంది. పీట మీద పలక, పలకకు తెల్ల జిగురు, జిగురు మీద వీనీరు, వీనీరుకు సంచి అంటుకోకుండా వార్తాపత్రిక, దాని మీద పలచటి చెక్క, చెక్క మీద గోనెపట్టా. మిల్లులో గోనెపట్టాలకు కొదవ లేదు. పంపును మిల్లు వాళ్ల చిన్న మోటారుకు బెల్టుతో కలిపాను.

మొదటిసారి పాత చెక్క పెట్టి తిప్పితే మీటరు ముల్లు కదలనే లేదు. పంపు మాత్రం నూనె తాగి, తాగినదంతా వెనక నుంచి నల్లగా కక్కింది. గాలి ఎక్కడ దూరుతుందో తెలియాలి. అగరుబత్తి వెలిగించి సంచి అంచుల వెంట నెమ్మదిగా తిప్పాను. కంత ఉన్నచోట పొగ లోపలికి లాగుతుంది. అప్పుడే వచ్చిన నాయన గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏందిర, సంచికి పూజ జేస్తున్నవా?"

"కంతలు ఎతుకుతున్న నాయినా."

"గట్లనా. కొబ్బరికాయ గూడ కొట్టకపోయినవ్, పెద్ద కంత దొరుకు."

కంతలన్నీ మూశాక సంచి చప్పబడి పలకకు అతుక్కుంది. లోపలున్న చెక్క అంచులు, మూలలు పైకి తేలి కనిపించాయి. పీనుగు మీద తడి బట్ట కప్పినట్టుందన్నాడు నాయన. నాకూ అలాగే అనిపించి మీటరు వైపు తిరిగాను. ముప్పై గీతల్లో ముల్లు ఇరవై దాటింది. అరగంటకు కరెంటు పోయింది. వాల్వులో మురికి చేరి గాలి వెనక్కి దూరింది. విప్పి చూస్తే, పరీక్షకని పాత చెక్క మీద అంటించిన తుక్కు వీనీరు ముక్క నడుమ పూరీలా పొంగి ఉంది. నాయన దాన్ని వేలితో నొక్కి, వేలు పంచెకు తుడుచుకుని వెళ్లిపోయాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ సూర్యాపేట పోయాను. వాల్వు కడిగించి, పంపుకు సంచికి నడుమ లారీ గాలి డబ్బా ఒకటి పెట్టించాను. అది ముందే ఖాళీ అయి ఉంటే, కరెంటు పోయినా చిన్న చిన్న కంతల్లో దూరే గాలిని కాసేపు అది మింగేస్తుంది. ఈ పనుల్లో రెండు నెలలు గడిచాయి. రోజూ రబ్బరు, నూనె, మోరీ కంపుల నడుమ నిలబడి, ఇదంతా నా భార్య కోసమే అనుకుంటే నా మీద నాకే గౌరవం పుట్టేది.

అసలు పలక అతికించే రోజు పొద్దున షావుకారు తల్లి పళ్లెంతో వచ్చింది. దేవుని పని కదా, శుభం కావాలి. మా వాళ్లలోనూ కొత్త పనిముట్టుకు, కొత్త పనికి పసుపు కుంకుమ పెట్టనిదే చెయ్యి వెయ్యరు. నాయన అప్పటికే సంచికి పైన మూడు బొట్లు పెట్టాడు. దానికేం నష్టం లేదు. ఆమె తిన్నగా వచ్చి, జిగురు మీద పరిచిన వీనీరు నడుమ తడి పసుపు చారెడు రాసి, దాని మీద కుంకుమ దిద్దింది. నేను వద్దనాలి. తర్వాత తుడిస్తే పోతుందనుకున్నాను. పైగా దేవుని తలుపు మీది బొట్టు పొద్దున్నే చెరిపే ధైర్యం నాకే కాదు, అక్కడ ఎవరికీ లేదు. పైన కాగితం వేసి, సంచిలోకి తోసి, మూతి బిగించాను.

మధ్యాహ్నం దాకా ముల్లు ఇరవై రెండు దగ్గర నిలబడింది. తీసి కాగితం ఒలిస్తే పసుపు కుంకుమలు కలిసి అరచేయంత మరక. గాలి బరువంతా కూర్చుని ఆ రంగును చెక్క కండలోకి దూర్చేసింది. తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. ఉప్పుకాగితం తీసుకుని గీకబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. వీనీరు మందమెంత? ఇంకో రెండు రుద్దులకు అడుగు చెక్క బయటపడుతుంది. అంత అందమైన చారల నడుమ ఆ ముద్ద, ఎవరో తాంబూలం ఉమ్మినట్టు. నాకు ఏడుపొచ్చింది. నా చేతులు నరుక్కోవాలన్నంత రోత పుట్టింది.

షావుకారు తల్లిని పిలిచాం. నాయన తిట్లు తినడానికి సిద్ధమై తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆమె మరకను చూసింది, వంగి చూసింది, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది.

"అమ్మవారే! మొకం సూడుండ్రి! కండ్లు గూడ ఉన్నయి!"

గంటలో మిల్లు హమాలీలు, వేములపల్లి నుంచి వడ్లు తెచ్చిన రైతులు, పక్కిళ్ల ఆడవాళ్లు షెడ్డు నిండా చేరారు. ఒకడు కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు పలక మీదే చల్లాడు. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదురా అని అరిచినా వినేవాడు లేడు. వాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ కర్ర చారలు చూడలేదు. నేను రెండు నెలలు చేసిన పని పాడైన చోటికే మొక్కుతున్నారు. పురిటి రబ్బరు సంచిలోంచి పుట్టిన అమ్మవారని గట్టిగా అరిచి అందరినీ తరిమెయ్యాలనిపించింది. ఛీ, ఇదేం జనం అనుకుంటూ మోరీ దగ్గరికి పోయి ఉమ్మేసి వచ్చాను. మిగతా మూడు పలకలు తర్వాతి మూడు రోజుల్లో ఏ బొట్టూ లేకుండా అతికించాను. అవి అద్దాల్లా వచ్చాయి, వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

నాయన పట్టించుకున్నాడు. చివరి పలక సంచిలోంచి తీశాక నాలుగు పలకలూ గోరుతో తట్టుకుంటూ పోయాడు. కింద గాలి ఉంటే డొల్ల మోత వస్తుంది. అంగుళం అంగుళం తట్టాడు, మూలలు రెండుసార్లు తట్టాడు.

"ఒక్క బుడగ లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి ఆర్పి, గిన్నెకు అంటిన సరేసు ఉలితో గీకాడు. శుభ్రంగా కడిగాడు కూడా. పారేసే గిన్నెను ఎందుకు కడుగుతున్నాడో నాకర్థం కాలేదు. తీసుకుపోయి ఊరి బయట గుంతలో వేసి వచ్చాడు.

"ముప్పై ఏండ్ల సంది గిదే అన్నం వెట్టింది" అన్నాడు, కాళ్లు కడుక్కుంటూ. "దాని వాసన ఎట్లుంటదో నాకు తెల్వనే తెల్వదు. మీకెంత కష్టమైందో ఏమో."

నాకు జాలి కలగలేదు. గెలిచానన్న సంతోషం తప్ప ఇంకేమీ లేదు. మరునాడే కొత్త చొక్కా వేసుకుని కోదాడ బస్సెక్కాను. ఈసారి నా భార్య బయటికి వచ్చింది. కడుపు కొంచెం తెలుస్తోంది. వసారాలో గోడకు ఆనుకుని నిలబడింది.

"గిన్నె వోయింది" అన్నాను. "నాయిననే పారేసిండు. ఇంట్ల వాసన లేదిగ. బట్టలు సర్దుకో, రెండింటి బస్సుంది."

"గిన్నె ఎందుకు పారేయించారు?" అంది.

"నువ్వు వాసనకే గద వొచ్చింది?"

"అని నేను చెప్పానా మీకు?" ఆమె గొంతు పెంచలేదు. "వేవిళ్లప్పుడు పప్పు ఉడికినా తిప్పుతుంది. దానికి కాపురం వదిలేసి ఎవరొస్తారు? వంటింటి గడప మీద కక్కుకుని లేవలేక కూలబడిపోయాను, ఆ రోజు. మీరు అన్నం తింటున్నారు. 'ఛీ, తినేటప్పుడేనా' అని కంచం తీసుకుని వాకిట్లోకి వెళ్లిపోయారు. నా వైపు చూడను కూడా లేదు."

నాకు గుర్తు లేదు. నిజంగానే లేదు. ఎంత తవ్వినా ఆ రోజు తిన్న బీరకాయ కూర గుర్తొచ్చింది తప్ప, గడప మీద ఆమె గుర్తు రాలేదు.

"మామయ్యే పని వదిలేసి వచ్చారు. చెంబుతో నీళ్లిచ్చారు. వద్దు మామయ్యా అని మొత్తుకుంటున్నా, బూడిద పోసి తన చేత్తోనే ఎత్తి పారేశారు. చేతి నిండా సరేసే. నాకేమీ అనిపించలేదు. మీరేమో ఆయన గిన్నె పారేయించి, నన్ను రమ్మంటున్నారు."

లోపల అత్తగారు వింటున్నట్టుంది, గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను చొక్కా అంచు లాక్కుంటూ నిలబడ్డాను.

"ఇప్పుడేం జెయ్యమంటవ్?"

"మీరెళ్లండి. మామయ్యను పంపండి. ఆయన పిలిస్తే వస్తాను."

మరునాడు మొదటి బస్సుకు నాయన కోదాడ పోయాడు. ఆయన పిలిస్తేనే వస్తుందట, నన్ను రావద్దన్నదని మాత్రం చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. సాయంత్రానికి ఇద్దరూ వచ్చారు. ఆమె బట్టల సంచి నాయన భుజాన ఉంది. అందుకుందామని నేను చెయ్యి చాపాను. నాయన నన్ను దాటుకుని లోపలికి పోయి, తనే దించాడు.